క్రాప్ చేయగానే నీలం నీడ బూడిదరంగైపోయింది, ఎందుకు?

ప్రశ్న:
ఆర్నెల్లుగా నీడలే తీస్తున్నాను. వస్తువు కనబడకూడదు, వెలుగూ రంగూ మాత్రమే మిగలాలని నా పట్టుదల. నిన్న పొద్దుగూకే వేళ కిటికీ దగ్గర తెల్ల కాగితం పరిచి, దాని మీద పెన్సిల్ నిలబెట్టి, రెండో వైపు కొవ్వొత్తి వెలిగించాను. రెండు నీడలు పడ్డాయి. ఒకటి నారింజ, ఇంకోటి చక్కటి నీలం! ఫోటోలోనూ నీలమే. తీరా ఆ నీలం ముక్క ఒక్కటే ఉండేలా క్రాప్ చేస్తే వట్టి బూడిదరంగు. ఫోటోలో ఏ చోటి రంగునైనా అంకెల్లో చూపే ఐడ్రాపర్‌తో చూశాను: ఎరుపు 131, ఆకుపచ్చ 130, నీలం 127. మూడూ దాదాపు సమానం, అంటే బూడిదే. క్రాప్ తీసేస్తే మళ్ళీ నీలం కనబడుతోంది. మానిటర్ తేడానా? సాచురేషన్ (రంగు గాఢత) పెంచితే మోసం చేసినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మానిటర్ బాగానే ఉందండీ. కొవ్వొత్తి వెలుగుకు పెన్సిల్ అడ్డుపడిన చోట కిటికీ వెలుగు ఒక్కటే పడుతుంది. చుట్టూ కాగితం మీద రెండూ కలుస్తాయి కాబట్టి అక్కడ నారింజ ఛాయ. మీ కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుగును తెలుపుగా చూపాలో తనే తేల్చుకునే సెట్టింగ్, కిటికీ వెలుగును దాదాపు తెలుపు కింద లెక్కగట్టింది. అందుకే ఫైల్లో ఆ నీడ బూడిదే. పక్కనున్న నారింజ వల్లే మన కంటికి అది నీలంగా తోస్తోంది.

1794లో రంఫర్డ్ అనే శాస్త్రవేత్త ఈ రంగు నీడల మీద చాలా ప్రయోగాలు చేశాడు. గొట్టంలోంచి ఒక్క నీడనే చూస్తుంటే, సహాయకుడు రెండో దీపం ముందు పసుపు గాజు పెట్టినా తీసినా ఆయనకు మార్పే తెలియలేదు. మీరు క్రాప్ చేయడం అచ్చం ఆ గొట్టం పెట్టడమే! ఆ నారింజను కోసేయకండి, మీ ఫోటోకు ప్రాణం అదే. సాచురేషన్ సంగతంటారా, ఆ అంకెల్లో నీలమే తక్కువ కాబట్టి పెంచితే నీలం రాదు, పసుపు తేలుతుంది.

జవాబు 2:
రా (RAW) ఫైల్, అంటే కెమెరా రంగులు ఖరారు చేయని ఫైల్, ఉంటే వైట్ బ్యాలెన్స్ 3,200 కెల్విన్‌కు (వెలుగు రంగును కొలిచే ప్రమాణం) దించి చూడండి. నీడ ఫైల్లోనే నీలమవుతుంది, నారింజ పాలిపోతుంది. ఇందులో మోసమేమీ లేదు.

జవాబు 1:
మోసం కాదు, ఒప్పుకుంటాను. కానీ అప్పుడది మామూలు నీలం. లేని నీలాన్ని చూపించడమే ఈ ఫోటోలో విశేషమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్ అండీ. పొద్దుట్నుంచీ దీంతోనే కూర్చున్నాను. ఫ్రేములో నారింజను ఐదో వంతుకు తగ్గించేసరికి నీలం వెలిసిపోతోంది, మూడో వంతు ఉంటే నిలుస్తోంది. ఇంకోటి గమనించాను. ప్రింటు చుట్టూ తెల్ల అంచు వదిలితే నీలం మళ్ళీ నీరసపడుతోంది. రేపు అంచు లేకుండా వేయించి చూస్తాను.