కైఫియత్తు ఉన్న ఊళ్లో చరిత్ర రాయడానికి మళ్లీ జనాన్ని అడగాలా?

పొలిమేరరాయి:
కడప వైపు చాలా ఊళ్లకు కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ హయాంలో, అంటే 1800ల మొదట్లో, రాయించిన కైఫియత్తులు (ఊరి వృత్తాంతాలు) ఉన్నాయి. కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా వేసింది కూడా. వాటిని శాసనాలతో సరిచూసుకుంటే ఊరి చరిత్రకు చాలు. రచ్చబండ కబుర్లు పోగేస్తే వచ్చేది 'మా ఊరు రాయలవారే కట్టించారు' అనే పుస్తకమే.

దండకవిలె:
కైఫియత్తు కూడా ఒకరు చెబితే ఇంకొకరు రాసుకున్నదేనండీ. చాలామటుకు కరణాల కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు), కరణాల మాటలు. మాన్యాలు, అగ్రహారాలు, పాలెగాళ్ల సంగతులు దండిగా ఉంటాయి. మాలపల్లె బావి ఎవరు తవ్వారో వెతకండి, దొరికితే చెప్పండి.
రచ్చబండతో పేచీ అడిగే తీరులో ఉంది. పదిమందిని కూర్చోబెడితే పెద్దరెడ్డి చెబుతాడు, మిగతావాళ్లు తలూపుతారు. ఏ వాడకావాడ విడిగా, ఇద్దరు ముగ్గురికి మించకుండా మాట్లాడాలి. "ఈ గుడి రాయలనాటిదే కదా?" అంటే "అవును సార్" తప్ప ఇంకేం వస్తుంది?

పొలిమేరరాయి:
మరి తేదీలు? ముసలివాళ్ల జ్ఞాపకానికి తేదీ ఎక్కడిది?

నాగులకట్ట:
సంవత్సరం పేరు ఉంటుందిగా. 'ధాత కరువు' అంటే 1876. కాకపోతే అరవై ఏళ్లకు అదే పేరు తిరిగొస్తుంది, 1936 కూడా ధాతే. అందుకే "అప్పటికి మీ నాయన పుట్టాడా? రైలు దారి వేశారా?" అని ఇంకో ఆనవాలు పట్టుకోవాలి.
కాగితం చూసి చేసే తప్పులు తక్కువా? శాసనంలోని శక సంవత్సరం 1450కి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం 1528. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1220కి 590 కలపాలి, 1810 వస్తుంది. ఫసలీని శకమనుకుని 78 కలిపితే 1298! ఊరు ఐదొందల ఏళ్లు వెనక్కి పోతుంది. పైగా శక 1450లో దానమిచ్చారంటే అప్పటికి ఊరుందని మాత్రమే అర్థం, అప్పుడే పుట్టిందని కాదు.

దండకవిలె:
ఇంకో పని. శాసనంలో, కైఫియత్తులో ఉన్న పొలిమేర గుర్తులు (వంక, గుట్ట, కుంట, పుట్ట) వరసగా ఒక కాగితం మీద రాసుకుని మేకలు కాసేవాళ్లతో నడవండి. వాళ్లు చెప్పిన పేరును గ్రామ నక్షా (సర్వే పటం) మీద సర్వే నంబరు పక్కన అక్కడికక్కడే వేయాలి. ఇంటికొచ్చాక వేద్దామంటే ఏ కుంట ఏదో కలగాపులగం అవుతుంది. నక్షాలో అంకెలుంటాయి, పొలం పేర్లు చాలావరకు కాపరి నోట్లోనే ఉన్నాయి.

పొలిమేరరాయి:
నడక సంగతి ఒప్పుకుంటా. రాసిందాన్ని అచ్చుకు ముందు ఊళ్లో చదివి వినిపించాలని కొందరంటారే, అక్కడే నాకు అభ్యంతరం. "మా కులం మాట తీసేయండి" అంటే తీసేస్తారా?

నాగులకట్ట:
తీయొద్దు. శాసనం మాట, ఊరి మాట పొసగకపోతే రెండూ వేసి, ఏది ఏ వాడలో విన్నదో రాయండి. వాళ్ల అభ్యంతరాన్నీ కిందే వేయండి. బతికున్నవాళ్ల పేర్లు మాత్రం అడక్కుండా వేయకూడదు.

పొలిమేరరాయి:
అడిగితే వద్దంటారు.

దండకవిలె:
అప్పుడు పేరు లేకుండా వేయండి, కథ పోదుగా.