స్కాన్‌లో "రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయి" అని రాశారు, మార్పిడి కిడ్నీ పోయినట్టేనా?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)
అందరికీ నమస్కారం. అమ్మ కిడ్నీ ఇస్తే మా తమ్ముడికి మార్పిడి జరిగి ఐదు నెలలైంది. 1.1 దగ్గర నిలకడగా ఉన్న క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఈ వారం 1.4 వచ్చింది. భయపడి మేమే ఇంటి దగ్గర కడుపు స్కాన్ తీయిస్తే "రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయి" అని రాశారు. నిన్నటి నుంచి అమ్మ అన్నం ముట్టలేదు. డాక్టరు గారు మూత్రంలో ప్రొటీన్, ట్యాక్రో లెవల్ (రిజెక్షన్ రాకుండా వాడే ట్యాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్ష), డాప్లర్ స్కాన్ రాశారు, అవసరమైతే బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడటం) అన్నారు. ఇన్ని పరీక్షలు ఎందుకండీ?

జవాబు (సైదాబాద్, నాకు మార్పిడి జరిగి ఆరేళ్లు)
అక్కా, ముందు అమ్మగారికి అన్నం పెట్టండి. రిపోర్టులో ఉన్నవి తమ్ముడి పాత కిడ్నీలు. మార్పిడిలో చాలామందికి వాటిని తీయరు, లోపలే ఉండి చిన్నవైపోతాయి. అమ్మ ఇచ్చిన కిడ్నీ వీపు వైపు ఉండదు. పొత్తికడుపులో ఓ పక్కన, ఎక్కువగా కుడివైపు ఉంటుంది. డాప్లర్‌కు వెళ్లినప్పుడు ఆపరేషన్ మచ్చ చూపించి, "మార్పిడి కిడ్నీ చూడండి" అని నోటితో చెప్పండి. చీటీలో ఉంది కదా అని ఊరుకోవద్దు.

ఇక 1.4 సంగతి. అంటే పాతిక శాతానికి పైగా పెరిగింది, తేలిగ్గా తీసుకోకూడదు. పరీక్ష ముందురోజు మటనో హలీమో గట్టిగా తిన్నా, విరేచనాలై నీరు తగ్గినా, ల్యాబ్ మారినా అంకె కొంత కదులుతుంది. ఒళ్లునొప్పులకు మందుల షాపులో మాత్ర ఏదైనా కొని వేసుకున్నాడా అడగండి, వాటిలో కొన్ని కిడ్నీకి చేటు. ఇవన్నీ డాక్టరుకు చెప్పి, పాత ల్యాబ్‌లోనే మళ్లీ చేయించండి. "హలీమే కారణం" అని మీరే తేల్చేసి ఇంట్లో కూర్చోవద్దు.

స్కాన్ కిడ్నీ రూపం చూపిస్తుంది: సైజు, మూత్రం అడ్డుపడి వాచిందా, చుట్టూ నీరు చేరిందా. డాప్లర్ రక్తం పారే తీరు చూపిస్తుంది. రెండూ బాగున్నా లోపల రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని దాడి చేయడం, మొదలై ఉండొచ్చు. అందుకే ఒక్క పరీక్షతో తేలదు.

ట్యాక్రో లెవల్ గురించి నా అనుభవం చెప్తాను. ఒకసారి అలవాటుగా ఉదయం మాత్ర వేసుకుని రక్తం ఇచ్చాను. లెవల్ బాగా ఎక్కువ వచ్చింది, డోసు తగ్గించబోయారు. అదృష్టం, సిస్టర్ "మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?" అని అడిగింది. రోజుకు రెండుసార్లు వేసుకునేవాళ్లు రాత్రి డోసు తర్వాత 12 గంటలకు, ఉదయం మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి. మందు తక్కువైతే రిజెక్షన్ భయం, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది.

జవాబు (ఉప్పల్)
మావారికి జీవన్‌దాన్ (చనిపోయినవారి అవయవాలను అవసరమైనవారికి అందించే ప్రభుత్వ పథకం) ద్వారా కిడ్నీ వచ్చింది. మొదటి రోజుల్లో మూత్రం సరిగ్గా రాక డీటీపీఏ స్కాన్ తీశారు. నరానికి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది కిడ్నీలోకి ఎలా చేరుతోంది, ఎలా వడకట్టి బయటకు పంపుతోంది అని కెమెరాతో చూస్తారు. మీకు రాయలేదంటే ఇప్పుడు అవసరం లేదనే. మీరే వెళ్లి చేయించకండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్స్ అండీ. అమ్మకు చదివి వినిపించాను, అన్నం తింది. బయాప్సీ అంటే మాత్రం తమ్ముడికి టెన్షన్. రక్తపరీక్షతో తేలదా?

జవాబు (సైదాబాద్)
రిజెక్షన్ అయినా, బీకే వైరస్ (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మార్పిడి కిడ్నీని దెబ్బతీసే వైరస్) అయినా క్రియాటినిన్ ఒకేలా పెరుగుతుంది. వైద్యం మాత్రం పూర్తిగా ఎదురు. రిజెక్షన్ అయితే రోగనిరోధక శక్తిని అణిచే మందులు పెంచాలి, వైరస్ అయితే తగ్గించాలి. పొరపాటున తిరగేస్తే అమ్మ ఇచ్చిన కిడ్నీకే ముప్పు. వైరస్‌కు రక్తపరీక్ష ఉంది కానీ, కిడ్నీ లోపల ఏం జరుగుతోందో ముక్క చూస్తేనే ఖాయంగా తెలిసేది. నాకు రెండుసార్లు చేశారు. కిడ్నీ చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టి, మత్తు సూది ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో తీస్తారు. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి, మూత్రంలో రక్తం వస్తుందేమో చూస్తారు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు
ఆస్పిరిన్ వాడుతున్నాడు, రేపే చెప్తాం. ఉదయం ట్యాక్రో మాత్ర డబ్బాలో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోమంటాను.