‘అల్పశబ్ద వర్ధకం’: ఈ సమాసాన్ని ఎలా విడదీయాలి?

ప్రశ్న: మిల్లీమీటరు తరంగాల రిసీవర్లలో యాంటెన్నాను ఆనుకొని ఉండి, బలహీనమైన సంకేతాన్ని తన వంతు అలజడి (నాయిస్) ఎక్కువగా కలపకుండా పెంచే లో నాయిస్ యాంప్లిఫయరును ‘అల్పశబ్ద వర్ధకం’ అని రాయవచ్చునా? దీనికి విగ్రహవాక్యం ఎలా చెప్పాలి?

మొదటి సమాధానం: వ్యాకరణం ఒప్పుకొంటుంది గాని అర్థం రెండుగా చీలుతుంది. ‘అల్పశబ్దమునకు వర్ధకం’ అని విడదీస్తే షష్ఠీ తత్పురుషమై, సన్నని ధ్వనిని పెద్దది చేసే పరికరం, అంటే ఇంచుమించు వినికిడి యంత్రం, స్ఫురిస్తుంది. మీకు కావలసిన అర్థం ‘అల్పమైన శబ్దము గలది’ అనే బహువ్రీహిని వర్ధకానికి విశేషణం చేస్తేనే వస్తుంది. అయితే ‘బలవర్ధకం’ వంటి మాటలకు అలవాటుపడిన చెవికి, వర్ధకానికి ముందున్నది పెరిగే వస్తువనే తోస్తుంది కాబట్టి, తగ్గించవలసిన దానినే పెంచుతున్నట్లు పాఠకుడు పొరబడే అవకాశం ఎక్కువ.

అదీగాక ఇక్కడ వినబడేదేమీ లేదు. మిల్లీమీటరు తరంగాల పౌనఃపున్యం 30 నుండి 300 గిగాహెర్ట్జ్‌ల వరకు ఉంటుంది. వాటి రిసీవరులో నాయిస్ అంటే ఎక్కువగా వేడి వల్ల ఎలక్ట్రానులు అడ్డదిడ్డంగా కదలడంతో పుట్టే విద్యుత్ అలజడి. వ్యాకరణంలోనైతే శబ్దానికి ‘పదం’ అనే అర్థం కూడా ఉంది. ఆ గందరగోళం వేరే.

రెండో సమాధానం: పై వివరణకు సాంకేతికంగా ఒక మాట చేర్చాలి. ‘అల్పం’ అన్నది ఆ వర్ధకం తనంతట తాను కలిపే అలజడికి వర్తిస్తుంది. యాంటెన్నా నుండి వచ్చిన అలజడిని అది సంకేతంతో సమానంగానే పెంచుతుంది. రేడియో ఇంజినీరు ఫ్రిస్ 1944లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒకదాని వెనుక ఒకటిగా ఉండే వర్ధకపు అంచెలలో రెండో అంచె కలిపే అలజడి మొదటి అంచె గెయిన్‌తో, అంటే అది సంకేతాన్ని పెంచే రెట్లతో, భాగింపబడి లెక్కలోకి వస్తుంది. రెండు అంచెలకూ నాయిస్ ఫ్యాక్టరు (అలజడితో పోలిస్తే సంకేతం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే అంకె) 2 చొప్పున ఉండి, మొదటి దాని గెయిన్ 100 రెట్లయితే మొత్తం 2.01 మాత్రమే. అదే గెయిన్ 4 రెట్లే అయితే మొత్తం 2.25 అవుతుంది. ట్రాన్సిస్టరు గెయిన్ పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు, అంటే నాలుగో వంతుకు, పడిపోతుంది కనుక 77 గిగాహెర్ట్జ్‌ల కారు రాడారు వంటి చోట్ల ఈ రెండో పరిస్థితే ఎదురవుతుంది. అక్కడ మొదటి ట్రాన్సిస్టరు ఒక్కటే బాగుంటే చాలదు.

ఫుజిట్సులో తకాషి మిమురా 1979లో రూపకల్పన చేసిన హెచ్‌ఈఎంటీ (హై ఎలక్ట్రాన్ మొబిలిటీ ట్రాన్సిస్టరు) తక్కువ అలజడికే పేరుపొందింది. ఎలక్ట్రానులను అందించే మాలిన్య పరమాణువులను ఒక పొరలో ఉంచి, ఎలక్ట్రానులు పక్క పొరలో ప్రవహించేటట్లు చేయడం వల్ల ఆ పరమాణువులను తాకి చెదరడం తగ్గి, వేగం పెరిగి, అలజడి తగ్గింది. ‘నిశ్శబ్ద వర్ధకం’ అని రాసేవారూ ఉన్నారు గాని అది అతిశయోక్తి. ఏ ట్రాన్సిస్టరూ అంత మౌనంగా ఉండదు.

మొదటి సమాధానకర్త: అట్లయితే నాయిస్‌కు ‘రొద’ వాడుదాం. దేశ్యమైన రొదను తత్సమమైన వర్ధకంతో అతికించి ‘అల్పరొదవర్ధకం’ అంటే వైరిసమాసమని ఆక్షేపణ వస్తుంది కనుక, సమాసం చేయకుండా ‘రొద తక్కువ వర్ధకం’ అని విడివిడిగా రాయడమే నా మతం. అప్పుడు తక్కువ అయ్యేది రొదే అని విగ్రహవాక్యం లేకుండానే తెలుస్తుంది. నాయిస్ ఫ్యాక్టరుకు ‘రొద గుణకం’ అనీ చెప్పుకోవచ్చు.

ప్రశ్నించినవారు: మరి ప్రసారం వైపు ఉండే పవర్ యాంప్లిఫయరు?

రెండో సమాధానకర్త: దానిని ‘శక్తివర్ధకం’ అనడంలో అర్థభేదమేమీ రాదు, కాకపోతే వర్ధకాలన్నీ సంకేతపు శక్తిని పెంచేవే. యాంటెన్నాకు పెద్ద మొత్తంలో శక్తిని అందించగలగడమే దీని ప్రత్యేకత కనుక ‘అధికశక్తి వర్ధకం’ అంటే మరికొంత స్పష్టంగా ఉంటుందనుకుంటే, మళ్లీ మొదటి సమాసంలోని చిక్కే వచ్చిపడుతుంది.