“బాండ్. జేమ్స్ బాండ్”: ఇంటిపేరు ముందు రావడం మన పద్ధతేనా?

ప్రశ్న: 1962 నాటి ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ చెప్పిన “బాండ్. జేమ్స్ బాండ్” ఆ వరుస సినిమాలన్నిటికీ ముద్రగా నిలిచిపోయింది. ఇంటిపేరు ముందు చెప్పడం మన అలవాటే కదా. ఆ మాట తెలుగువారికి అందుకే అంత సులువుగా పట్టుబడిందా?

జవాబు: నాకలా అనిపించదండీ. ఆ మాట ఎలా పుట్టిందో చూడండి. లండన్ క్లబ్బులో పేకాట బల్ల. సిల్వియా ట్రెంచ్ ఓడిపోతూ కూడా ఇంకో వెయ్యి కావాలంటుంది. ఎదుటివాడి చేతులు కనిపిస్తాయి గానీ ముఖం ఇంకా చూపించరు. “మీ ధైర్యం మెచ్చుకోవాలి, మిస్...” అని ఆగుతాడు. “ట్రెంచ్. సిల్వియా ట్రెంచ్” అంటుంది ఆమె. వెంటనే “మీ అదృష్టమూ మెచ్చుకోదగ్గదే, మిస్టర్...” అని తనూ ఆగుతుంది. సిగరెట్ వెలిగించుకుంటూ అతను ఆమె పోసిన అచ్చులోనే తన పేరు పోస్తాడు. అంటే ఆ ఫక్కీ ముందు సిల్వియా నోట వచ్చింది, యూనిస్ గేసన్ వేసిన పాత్ర అది. ఈ సంగతి అంతగా ఎవరూ చెప్పుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక్కడ పని చేసేది ‘మిస్టర్’. అది పేరుకు ముందు వస్తుంది కనుక మాట చివర ఖాళీ మిగులుతుంది. మర్యాద ప్రకారం ఆ ఖాళీలో ఇంటిపేరే పడాలి. మన ‘గారు’ పేరు వెనక నడుస్తుంది. పేరు తెలియకుండా “గారూ” అని ఆగలేం, “తమరి పేరు?” అని అడగవలసిందే. పైగా మనం ఇంటిపేరు ముందు రాసినా, పిలిచేది పేరుతోనే. ఇంటిపేరుతో పిలిస్తే ‘వారు’ చేరుతుంది: విశ్వనాథ వారు, శ్రీపాద వారు. అది పెద్దరికానికి ఇచ్చే గౌరవం, పేకాట బల్ల దగ్గర పరిచయానికి కుదరదు.

రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. బస్సు, ఫోను లాగా ‘బాండు’ అని ఉకారం చేర్చకండి. స్టాంపు కాగితం గుర్తొస్తుంది. ఆ హల్లు దగ్గర టక్కున ఆగడంలోనే ఉంది దాని బలమంతా.

ప్రశ్న: మరి కృష్ణ గారి ‘గూఢచారి 116’ సంగతి?

జవాబు: 1966లో వచ్చింది. ఆ అంకె ఎందుకు పెట్టారన్న చర్చ పక్కన పెట్టినా, తెలుగు చెవికి దాని రుచి వేరు. బాండ్ అంకె ‘సున్నా సున్నా ఏడు’ మనకు ఒక గుర్తు సంఖ్య, అంతే. ‘నూట పదహారు’ అలా కాదు. పెళ్ళిలో చదివింపులు, పండితుడికి సంభావన, గుడిలో విరాళం, అన్నీ నూటపదహార్లే. పేరు చెప్పుకునే ఆ ఫక్కీ ఇంగ్లీషు మర్యాదలోంచి వచ్చి అలాగే ఉండిపోయింది. ఈ అంకె మాత్రం వినగానే మన ఇంటిదనిపిస్తుంది.