పడుగు గంజికి హైపోక్లోరైట్‌తో మార్చిన పిండి మేలా, ఎంజైముతో పలుచన చేసినది మేలా?

మగ్గం నీడ:
మా సైజింగ్ (పడుగుకు గంజి పట్టించే) యూనిట్‌లో నూలు పడుగుకు హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ రసాయనంతో ఆక్సీకరించిన మొక్కజొన్న పిండినే చాలా ఏళ్లుగా పట్టిస్తున్నాము. ముడి పిండి కొని పిండిని విడగొట్టే ఎంజైము ఆల్ఫా అమైలేజ్‌తో మనమే పలుచన చేసుకుంటే రసాయనాల బెడద తగ్గుతుందని మా అబ్బాయి వాదన. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పిండిశాల:
మీ అబ్బాయి మాటలో న్యాయముందండీ. ఆక్సీకరించిన పిండిని ఫ్యాక్టరీలో కడిగినప్పుడు మిగులు ఉప్పంతా ఆ నీటితోనే బయటికి పోతుంది. ఎంజైము పద్ధతిలో కడగవలసిన పని లేదు, కెటిల్లో వేసినదంతా నూలు మీదికే చేరుతుంది. మొలకెత్తిన బార్లీ నుంచి 1833లో పాయెన్, పెర్సోజ్ అనే శాస్త్రవేత్తలు వేరుచేసిన డయాస్టేజ్ అనే ఎంజైము చేసేదీ పిండిని పలుచన చేసే ఈ పనే.

నీలం చుక్క:
పలుచదనం ఒక్కటే చూస్తే రెండూ సమానమే, కానీ గంజికి నిలకడ కూడా కావాలి. ఎంజైము పిండి అణువుల పొడవాటి గొలుసులను కత్తిరించి ఊరుకుంటుంది. హైపోక్లోరైట్ అయితే కత్తిరించడంతోపాటు వాటిపై కార్బాక్సిల్ సమూహాలను కూడా ఏర్పరుస్తుంది. ఋణావేశం గల ఆ సమూహాలు ఒకదానినొకటి నెట్టుకోవడం వల్ల అమైలోజ్ (పిండిలో పెద్దగా కొమ్మలు లేని భాగం) గొలుసులు చల్లారాక దగ్గరకు చేరి గడ్డకట్టడం బాగా తగ్గుతుంది. రాత్రి అన్నం పొద్దుటికి గట్టిపడటానికి కారణం ఆ చేరికే. ఇక ఎంజైము తనంతట తాను ఆగదు. నేను పనిచేసిన చోట ఒకసారి దాన్ని చంపకుండానే కెటిల్ వదిలి భోజనానికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి గరిటె నుంచి తీగలా జారవలసిన గంజి ఉత్త నీళ్లలా కారింది, ఆ బీమ్ (పడుగు చుట్టిన దూలం) మగ్గమెక్కాక పోగులు తెగుతూనే ఉన్నాయి.

పిండిశాల:
అది ఎంజైము తప్పు కాదండీ, ఎంపికలో తప్పు. వేడికి తట్టుకునే రకం వేస్తే మూత లేని కెటిల్లో మరిగించినా చావదు. మామూలు రకం వేసి, గంజి తగినంత పలుచబడగానే మరిగించి, కాసేపు అలాగే ఉంచితే పని అక్కడితో ఆగిపోతుంది. చల్లారాక గడ్డకడుతుందన్న మాటకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు, వేడి మీదే వాడుకోవాలి.

నీలం చుక్క:
ఒప్పుకుంటాను. అయితే "జీవ పద్ధతి కాబట్టి శుభ్రం" అనే మాటతోనే నాకు పేచీ. నేసిన గుడ్డ నుంచి గంజి వదిలించడానికి అమైలేజ్‌కు సాటి లేదు, బోయిడాన్, ఎఫ్రాన్ అనే శాస్త్రవేత్తలు 1917 నాటికే బ్యాక్టీరియా అమైలేజ్‌ను ఆ పనికి తెచ్చారు. కానీ అది విడగొట్టిన పిండి చక్కెరలుగా, డెక్స్‌ట్రిన్లుగా (పొట్టి గొలుసు ముక్కలుగా) కాలువలోకే పోతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. ముందు పిండిని ఏ విధంగా మార్చినా ఈ భారం తప్పదు. పట్టించే గంజి పాళ్లు తగ్గిస్తేనే తగ్గుతుంది.

మగ్గం నీడ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం ఒక్క బీమ్‌కు మాత్రం ఎంజైము గంజి పట్టించి చూస్తాము. గొలుసులు మరీ పొట్టివి కాకుండా, గంజిలో వేసిన అయోడిన్ చుక్క రంగు నీలం నుంచి ఊదాకు తిరగకముందే మరిగించమని అబ్బాయికి చెప్పాను.