జైల్లో నిరాహారదీక్ష చేసేవాళ్లకు ‘రాజకీయ ఖైదీ’ హోదా ఉండాలా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ): ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసరు జి.ఎన్. సాయిబాబా గారి మాట వచ్చినప్పుడల్లా మా దగ్గర ఇదే గొడవ. మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో మన గడ్చిరోలి కోర్టే 2017లో ఆయనకు యావజ్జీవం వేసింది. నాగపూర్ జైల్లో మరుగుదొడ్డి కూడా కనపడేలా సెల్లో కెమెరా పెట్టారని 2022 మేలో ఆయన దీక్షకు దిగారు. 2024లో హైకోర్టు నిర్దోషి అంది. ఇలాంటి కేసుల వాళ్లను మామూలు నేరస్థుల్లా కాకుండా వేరుగా చూసే ఆ హోదా ఇవ్వాలంటాను.

అహేరి అబ్బాయి: అస్సలు వద్దు. ఇన్‌ఫార్మర్ అని మావోయిస్టులు చంపేసిన మనిషి ఇంటికెళ్లి ఈ మాట అనగలరా? అన్నం మానేస్తే దిగిరావాలంటే రేపు దొంగ కూడా అదే చేస్తాడు.

నల్లకోటు (బల్లార్షా): కెమెరా తీయమనడానికి రాజకీయ ఖైదీ కానక్కర్లేదు తమ్ముడూ, దొంగకైనా ఆ హక్కుంది. హోదా అడిగితే ఏమొస్తుందో చూడండి. లాహోర్ జైల్లో భగత్‌సింగ్ వాళ్లు అడిగింది అదే. 63 రోజులు తినకుండా ఉండి జతిన్ దాస్ 1929 సెప్టెంబరు 13న చనిపోయారు. 1930లో బ్రిటిష్‌వాళ్లు ఇచ్చింది ఏ, బీ, సీ క్లాసులు. చదువు, అంతస్తు, బయట బతికిన తీరు చూసి క్లాసు! చదువుకున్న పెద్దమనిషికి పైది, కూలివాడికి సీ. ఇక బెంగాల్ 1992లో చట్టంలోనే హోదా పెట్టింది. మావోయిస్టు కేసుల వాళ్లకూ వర్తిస్తుందని 2012లో హైకోర్టు అనగానే మరుసటి ఏడాది చట్టాన్నే మార్చేశారు.

ప్రాణహిత ఒడ్డు: ఉత్తర ఐర్లండ్ సంగతేమిటి మరి? 1976లో బ్రిటిష్ ప్రభుత్వం తీసేసిన హోదా కోసం 1981లో పదిమంది ఐరిష్ రిపబ్లికన్ ఖైదీలు దీక్ష చేసి ప్రాణాలిచ్చారు. వాళ్లలో బాబీ శాండ్స్ దీక్షలో ఉండగానే ఎంపీగా గెలిచి, 66వ రోజున పోయారు. అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ హోదా మాట ఒప్పుకోలేదు గానీ, దీక్ష ముగిసిన కొద్ది రోజులకే సొంత బట్టలు వేసుకోనిచ్చారు.

అహేరి అబ్బాయి: పదిమంది పోయాక వచ్చిన చొక్కా!

నల్లకోటు: చొక్కా, ఉత్తరం, ములాఖత్ అందరికీ రాయండి రూల్సులో. నేననేది అంతే. భామ్రాగడ్ వైపు మాడియా ఆదివాసీ కుర్రాడు విచారణ ఖైదీగా ఉండి తిండి మానేశాడనుకోండి. మరాఠీ సరిగా రాదు, ఎందుకు మానేశాడో వినేవాడుండడు, పేపర్లో పడదు. హోదా ప్రొఫెసరుకు వస్తుంది. ఇతనికి వస్తుందా?

ప్రాణహిత ఒడ్డు: హోదా లేనందువల్ల ఇతనికి ఒరిగింది మాత్రం ఏముంది సార్? ఆ ప్రొఫెసరు అన్నం మానేస్తేనే కదా, సెల్లో కెమెరా ఉందని మనకైనా తెలిసింది.