అప్‌డేట్: దసరా సెలవుల్లో విజయనగరం నుంచి హైదరాబాద్ వండర్‌లా, 140 సెం.మీ. లేని పిల్లాడు

జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. వయసు సరిపోతే మా బాబును వండర్‌లా పార్కులోని రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఎక్కనిస్తారా, లేక ఎత్తే చూస్తారా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. ఎత్తే చూస్తారు, 140 సెం.మీ. ఉండాల్సిందే. వయసు, బరువు గురించి ఇక్కడ జరిగిన చర్చ మా విషయంలో అక్కరకు రాలేదు. పుట్టినతేదీ సర్టిఫికెట్ జిరాక్స్ సంచిలోనే ఉండిపోయింది.

"ఇంట్లోనే చెప్పుల్లేకుండా గోడకి నిలబెట్టి కొలవండి" అన్నవారి సలహా బాగా పనికొచ్చింది. వాడికి ముందే చెప్పేశాం కాబట్టి అక్కడ ఏడుపు లేదు. కింద నిలబడి చూస్తే ఎత్తు ఎందుకు అడుగుతారో అర్థమైంది. బండిని వెనక్కి పైకి లాగి వదులుతారు, మూడుసార్లు తలకిందులవుతుంది, మళ్లీ అదే దారిలో వెనక్కి మూడుసార్లు. పట్టి ఉంచేది భుజాల మీదుగా దిగే కడ్డీ. పొట్టివాళ్లకి అది సరిగ్గా కూర్చోదు. నేను ఎక్కాను, దిగాక కాసేపు మాటే రాలేదు.

వాడికి మాత్రం వేవ్ పూల్‌లోనే పొద్దుపోయింది. నీళ్లలోకి నైలాన్ బట్టలు తప్పనిసరి, కాటన్ ఒప్పుకోరు. ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

దారి: ఔటర్ రింగ్ రోడ్డు మీద రావిర్యాల దగ్గర దిగాలి. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి దూరమే, తెల్లారి రైలు దిగి నేరుగా వెళ్లకండి. దసరా అయ్యాక వచ్చే మంగళవారం మా విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊళ్లో ఉండాలంటే తిరుగు టికెట్లు ముందే చేయించుకోండి, మాకు తత్కాలే దిక్కయింది.